ఒట్టుకోడి

ముసలమ్మకి ఆ పేరు వయసు మీద పడ్డాక వచ్చింది కాదు, పురిట్లోనే పెట్టారు. వాళ్ళ నాయనమ్మ పేరు ముసలమ్మ. ఆ నాయనమ్మకి పెట్టింది వాళ్ళ ఊరి అమ్మవారి పేరు. అందుచేత ఉయ్యాల్లో ఉన్నప్పుడూ ముసలమ్మే, బళ్ళో పలక పట్టుకున్నప్పుడూ ముసలమ్మే, పెళ్ళిపీటల మీదా ముసలమ్మే. "పెళ్ళికూతురు ముసలమ్మంట!" అని మగపెళ్ళివారిలో ఎవరో నవ్వితే, తల వంచుకుని కూర్చోవాల్సిన పిల్ల తలెత్తి, "మీవోడు ముసిలోడయ్యేదాకా నాతోనే గదా ఉండాల, ఇప్పట్నించే అలవాటు చేసుకోమనండి" అన్నదట. ఆ పెళ్ళికొడుకు చెంచురామయ్య. ఇప్పుడు నిజంగానే ముసిలోడవుతున్నాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా కాస్తూ, ఆ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుతాడు.

నేను వాళ్ళ ఎదురింట్లో ఉంటాను. నా పేరు షారన్, బట్టలు కుడతాను. కుట్టుమిషను వసారాలో వీధి వైపు తిప్పి పెట్టుకున్నాను. వెలుతురు కోసమని అందరికీ చెబుతాను. వెలుతురు పెరటి వైపు కూడా బాగానే ఉంటుంది, కాకపోతే అటువైపు చూడ్డానికి ఏమీ ఉండదు. ఇటువైపు ముసలమ్మ ఉంటుంది. ఆమెని చూస్తూ కుట్టి, ఒకరి జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టిన రోజు కూడా ఉంది.

అల్లూరుకి తూర్పున, గాలి అటునుంచి కొడితే సముద్రపు హోరు వినిపించే పల్లె మాది. ఊరికి ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ముసలమ్మ నాట్లకి పోతుంది, కోతలకి పోతుంది, రొయ్యలు పట్టే రోజుల్లో వాటిని ఏరడానికి పోతుంది. ఆమె గొంతెత్తితే గుంటలో రొయ్యలు గట్టు మీదికి ఎగురుతాయని చెంచురామయ్య అంటాడు. ఎదురింట్లో ఉండేదాన్ని, ఆయన మాట అబద్ధమని చెప్పలేను.

అంత గొంతున్న మనిషి, పక్కింటి మనిషితో ఆరేళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు.

పక్కింటి మనిషంటే పరాయిది కాదు. తోడికోడలు ఉషారాణి, చెంచురామయ్య తమ్ముడు పోలేరయ్య భార్య. అన్నదమ్ములిద్దరికీ ఒకటే వాకిలి, మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. ఉషారాణి కాపురానికి వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారని చెప్పేవాళ్ళున్నారు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికి కూడా, ఒకరి జడ ఇంకొకరు అల్లుకుంటూ గంటలు గంటలు గడిపేవాళ్ళు.

చెడింది గుడ్ల దగ్గర. ముసలమ్మ పెట్ట ఒకటి గోడ దాటి పోయి ఉషారాణి గడ్డివాములో గుడ్లు పెట్టి, అక్కడే పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చింది. పెట్ట నాది గనక పిల్లలు నావని ముసలమ్మ. నా గడ్డిలో పొదిగింది, నా నూకలు తిన్నది, పిల్లలు నావని ఉషారాణి. నవ్వుతూ మొదలైన మాట ఎక్కడ మలుపు తిరిగిందో నాకు కూడా తెలీలేదు, సూదిలోకి దారం ఎక్కించి తలెత్తేసరికి ఇద్దరూ పుట్టిళ్ళని ఎత్తి తిట్టుకునే దాకా పోయారు. చివరికి ఉషారాణి వంగి, కాళ్ళ దగ్గర తిరుగుతున్న ఒక పిల్లని చేతిలోకి తీసుకుంది.

"ఇంక నీతో నోరు విప్పి మాట్లాడినానంటే ఈ పిల్ల మీద ఒట్టు! మాట్లాడిన రోజే ఇది చస్తాది!" అనేసి, పిల్లని గోడ మీద పెట్టి లోపలికి పోయింది.

దేవుడి మీద ఒట్టు పెట్టినవాళ్ళని చూశాను, కన్నబిడ్డల మీద పెట్టినవాళ్ళని చూశాను. కోడిపిల్ల మీద ఒట్టు పెట్టిన మనిషిని అప్పుడే చూశాను. చేతికి దొరికింది అదే మరి.

ఆ పిల్లల్లో కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది, కొన్నిటిని ముంగిస పట్టుకుపోయింది, మిగిలినవి కూరయ్యాయి. ఈ ఒక్కటి బతికింది. బతక్క ఏం చేస్తుంది, రెండిళ్ళలోనూ దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఒట్టున్న కోడిని ఎవరు కోస్తారు? పెరిగి పుంజయింది. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, నడిస్తే పంచాయతీ ప్రెసిడెంటు నడిచినట్టు నడక. ముసలమ్మ కూతురు వాణి పెళ్ళయ్యాక అల్లుడు మొదటిసారి సూళ్ళూరుపేట నుంచి వస్తే, ఇంటి ముందు ఇంత పుంజుని పెట్టుకుని అల్లూరు నుంచి బాయిలరు కోడి తెప్పించారు. అల్లుడు కంచంలోకీ, వాకిట్లోకీ మార్చి మార్చి చూడ్డం నాకు ఇక్కణ్ణుంచి కనిపించింది. ఊరంతా దాన్ని ఒట్టుకోడి అనేది.

మాట్లాడకుండా ఒకే వాకిట్లో బతకడం అంత తేలిక కాదు. కుళాయి ఒకటే, కరివేపాకు చెట్టు ఒకటే, నాట్లకి పోయే ఆటో ఒకటే. మొదట్లో ఇద్దరూ గోడకి చెప్పుకున్నారు. కోడి కాస్త పెరిగి ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టాక దానికి చెప్పడం మొదలుపెట్టారు.

"ఒరే అబ్బయా, మీ చిన్నమ్మకి చెప్పరా, కుళాయిలో నీళ్ళు వస్తావుండాయని."

"విన్నాన్లే అని మీ పెద్దమ్మకి చెప్పరా."

కోడి గోడ మీద నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు మెడ తిప్పేది, అంతా ఒప్పజెబుతున్నట్టు. పోను పోను నీళ్ళ మాటా, ఆటో మాటా దాటిపోయారు. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో కోడికి చెప్పారు. మోకాళ్ళ నొప్పులు కోడికి చెప్పుకున్నారు. ఉషారాణి తల్లి పోయినప్పుడు ముసలమ్మ ఆ కోడిని ఒళ్ళో పెట్టుకుని, "మీ చిన్నమ్మని ఒక ముద్ద తినమని చెప్పరా నాయనా" అని ఏడ్చింది. ఉషారాణి గోడకి అవతల కూర్చుని, "నోటికి పోవడంలా అని చెప్పరా" అని ఏడ్చింది. నేను మిషను ఆపేసి, కుడుతున్న బట్టతోనే కళ్ళు తుడుచుకున్నాను.

ఈ ఏడు చలికాలం మొదట్లో తుఫాను వచ్చింది. రాత్రంతా గాలీ వానా. కోడి ఎప్పుడూ పడుకునే మునగచెట్టు నిలువునా చీలి వాకిట్లో పడింది. తెల్లారేసరికి వాన తగ్గి, ముసురు మిగిలింది. ఒట్టుకోడి ఎక్కడినుంచో తడిసి ముద్దయి వచ్చి, గోడ ఎక్కలేక గోడ పక్కనే నిలబడి, అలవాటు ప్రకారం ఒక కూత కూసింది. నేనూ విన్నాను, బొంగురుగా ఉంది.

ముసలమ్మ వాకిట్లోకి వచ్చింది. దండెం మీద మరిచిపోయిన దుప్పటి ఒకటి గాలికి మెలికలు తిరిగి ఉంది. ఆ దండెం తాడు కాదు, ఇనప తీగ. దాన్ని తీద్దామని ముసలమ్మ చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఉషారాణి ఇంట్లో ఫాను తిరగడం, గుమ్మంలో నిలబడ్డ ఉషారాణి తలెత్తి పైకి చూడ్డం ఒకేసారి జరిగాయి. స్తంభం నుంచి ముసలమ్మ ఇంట్లోకి వచ్చే వైరు గాలికి ఊడి, దండెం తీగ మీద వాలి ఉంది.

"అక్కా! ఆ తీగ ముట్టుకోబాక!"

ముసలమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. తీగకీ వేలికీ మధ్య జానెడు కూడా లేదు. చెంచురామయ్య పరుగున వచ్చి ఆమెని వెనక్కి లాగాడు, పోలేరయ్య లైన్‌మన్‌కి ఫోన్ చేశాడు, వీధంతా మూగింది. ముసలమ్మ మాత్రం తీగ వైపు చూడ్డం లేదు. ఉషారాణి వైపు చూస్తోంది. ఉషారాణి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేసి వైరు సరిచేసేలోగా మధ్యాహ్నమైంది. ఆ సరికి కోడి పడిపోయింది. రెక్కలు కిందికి వేలాడేసి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి గురగురా ఊపిరి తీస్తోంది. నెత్తి మీద ఎర్రటి జుట్టు నల్లబడిపోయింది.

ఉషారాణి దాన్ని చూసి అక్కడే కూలబడింది. "నేనే చంపినా" అంది నాతో. "నోరు విప్పినా, ఒట్టు తప్పినా, వాడు పోతావుండాడు."

"రాత్రంతా వానలో తడిసింది చిన్నమ్మా, జలుబు చెయ్యక ఏం చేస్తుంది?" అన్నాను.

"ఎన్ని తుఫాన్లు చూడలా వాడు? ఎప్పుడన్నా పడినాడా?" అనేసి లోపలికి పోయి తలుపేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. మా పాస్టరుగారు అసలు ఒట్టే పెట్టుకోవద్దని వారం వారం చెబుతారు, అందుకేనేమో నాకు ఈ లెక్కలు ఎక్కవు. ఆ మాటే ముసలమ్మతో అంటే ఆమె కోపంగా చూసింది. కోడిని పాత నూలుచీరలో చుట్టి తుడుస్తోంది.

"నీకు తెలవదు మే. వీడు చచ్చినాడంటే ఉష బతికినన్నాళ్ళూ తానే చంపినాననుకుంటాది. నన్ను బతికించబోయి వీణ్ణి చంపుకున్నాననుకుంటాది. ఇంక నా మొహం చూస్తాదా? కోడికి చెప్పి మాట్లాడుకోడానిక్కూడా కోడి ఉండదు." కోడి రెక్క ఎత్తి అడుగున కూడా తుడిచింది. "వీడు బతకాల. బతికితేనే అది నాతో మాట్లాడతాది."

చెంచురామయ్య తలగోక్కుంటూ, "చచ్చేలోగా కోసుకుంటే పోలా?" అన్నాడు పాపం, ఆరేళ్ళుగా ఆశపడ్డ మనిషి. ముసలమ్మ చూసిన చూపుకి గొడుగు కూడా తీసుకోకుండా గుంటల కాపలాకి వెళ్ళిపోయాడు.

కోడిని గోనెసంచిలో మెత్తగా కూర్చోబెట్టుకుని ఇద్దరం అల్లూరు పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ దాని కళ్ళు చూసింది, నోరు తెరిచి చూసింది, మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. కొక్కెర తెగులు కాదని చెప్పింది, అదైతే మెడ మెలికపడేదట. చలికి రొమ్ము పట్టిందనీ, నీళ్ళలో కలిపి పట్టమనీ పొడి ఇచ్చింది. పొడిగా, వెచ్చగా ఉంచమంది. బతుకుతుందా అని ముసలమ్మ అడిగితే, "ఈ రెండు మూడు రోజులు గట్టెక్కితే పరవాలేదమ్మా" అంది. ఆటోలో తిరిగి వస్తుంటే ముసలమ్మ దారి పొడుగునా కోడి చెవిలో, "గట్టెక్కరా నాయనా, గట్టెక్కు" అంటూనే ఉంది. మా పక్కన కూర్చున్నాయన కాస్త దూరంగా జరిగాడు.

పొడిగా ఉంచమంది గానీ ఊళ్ళో పొడి ఎక్కడుంది? గడ్డి తడి, ఊక తడి, పొయ్యిలో కట్టెలు కూడా తడే. కరెంటు మళ్ళీ పోయింది, బల్బు పెట్టి కాపడం పెట్టే వీలు కూడా లేదు. ముసలమ్మ ఉన్న రెండు దుప్పట్లలో ఒకటి గంప కింద పరిచింది. మేం ఆసుపత్రికి పోయి వచ్చిన కాసేపటికి పిట్టగోడ మీద ఒక బస్తా కనిపించింది. నిండా ఊక, కరకరలాడుతూ. ఉషారాణి అటక మీద దాచుకున్నది. కాసేపటికి ఒక బొగ్గుల కుంపటి వచ్చింది. ఆ పైన మూతపెట్టిన గిన్నెలో పల్చటి రాగి జావ. ఉషారాణి పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను, నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టుకుంది.

ముసలమ్మ ఊక పరిచి, పైన గంప బోర్లించి, పక్కన కుంపటి పెట్టింది. మందు సీసాతో వచ్చే డ్రాపరుతో జావ ఒక్కో చుక్కా పట్టింది. సగం బయటికి కారిపోయేది. తుడిచి మళ్ళీ పట్టేది. పనికి పోవడం మానేసింది. చెంచురామయ్యకి వంట కూడా సరిగా చెయ్యలేదు, ఆయన కిక్కురుమనలేదు. మధ్యమధ్యలో గొంతెత్తి గోడ అవతలికి వినబడేలా కోడితో మాట్లాడేది. "అబ్బయా, ఇప్పుడు నువ్వు మూడు చుక్కలు మింగినావని మీ చిన్నమ్మకి చెప్పరా. ఊక వెచ్చగా ఉండాదని చెప్పరా."

కోడితో కూడా మాట్లాడటం మానేసింది ఉషారాణి.

దాంతో ఆ పని నా మెడకి చుట్టుకుంది. నేనూ ముసలమ్మని పెద్దమ్మా అనే పిలుస్తాను, ఉషారాణిని చిన్నమ్మా అనే పిలుస్తాను, అంటే అచ్చం కోడి వరసే నాది. "షారనూ, మీ చిన్నమ్మతో చెప్పు, కేకేసేది మాట్లాడేది ఒకటి గాదని. కేకకి ఒట్టు తప్పదు" అని ఇటునుంచి. "షారనూ, మీ పెద్దమ్మతో చెప్పు, అక్కా అన్నాను గదా, అది మాట గాకపోతే ఏంది?" అని అటునుంచి. "అయితే ఆ ఒట్టేదో తీసి గట్టున పెట్టమను, పీడా పోతాది!" అని ఇటునుంచి.

ఒట్టు తీసి గట్టున పెట్టడమంటే చిన్నపిల్లలు ఆటల్లో అనుకునే మాటే. కానీ మా వైపు పెద్దవాళ్ళకి కూడా అదొక్కటే దారి. ఒట్టు పెట్టిన మనిషి ఎవరితో పెట్టిందో వాళ్ళతోనే "ఒట్టు తీసి గట్టున పెట్టాను" అని నోటితో అనాలి. నేను పోయి చెబితే ఉషారాణి కళ్ళనీళ్ళతో నవ్వింది.

"ఎట్టా అనేది? ఆమెతో ఆ మాట అనాలన్నా నోరు విప్పాల గదా. విప్పితే ఒట్టు తప్పినట్టే గదా. ఇప్పుడు వాడున్న స్థితిలో ఇంకొక్క మాటకి తట్టుకుంటాడా?"

నేను నా ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఇంత చిక్కుముడి నా దారం ఉండలో కూడా ఎప్పుడూ పడలేదు. మా పాస్టరుగారు వింటే ఏమనుకుంటారో గానీ, ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ కోడి పేరు కూడా చెప్పాను. దానికి వేరే పేరు లేదు, ఒట్టుకోడి అనే చెప్పాను.

మర్నాడు దాని పని అయిపోయిందనే అనుకున్నాం. మెడ నిలవలేదు. జావ పడితే మింగలేదు. ముసలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైటకొంగు కప్పి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చుంది. ఆమె గొంతు వినపడకపోవడం కన్నా భయం వేసేది ఇంకొకటి లేదని ఆరోజు నాకు తెలిసింది. ఉషారాణి కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది, అది కూడా కదల్లేదు.

ఆ పైరోజు ముసురు విడిచింది. ఎండ వచ్చింది, పల్చటి చలికాలపు ఎండ. ముసలమ్మ కోడిని ఎండలో గంప మీద కూర్చోబెట్టి, డ్రాపరు నోటి దగ్గర పెట్టింది. కోడి దాంతోపాటు ఆమె వేలిని కూడా ముక్కుతో కరిచి పట్టుకుంది.

"మే!" అని అరిచింది ముసలమ్మ. మళ్ళీ అదే రొయ్యలు ఎగిరే గొంతు. "కరిచినాడు మే! నన్ను కరిచినాడు!"

నేను మిషను వదిలేసి పరుగెత్తాను. కోడి కన్ను తెరిచి ఉంది. కోపంగా చూస్తోంది. అంత కోపం చూసి అంత సంతోషపడటం నా జీవితంలో అదే మొదలు. ముసలమ్మ చూపుడువేలికి రక్తం చుక్క, ఆమె దాన్ని నాకు చూపించి, వీధిలో పోయేవాళ్ళకి చూపించి, కిటికీ వైపు తిప్పి కూడా చూపించింది.

ఆ తర్వాత రోజురోజుకీ తేరుకుంది. మొదట జావ, ఆ పైన నానేసిన నూకలు, తర్వాత ముసలమ్మ దోసిట్లో వడ్లు. జుట్టు ఎర్రబడింది. ఒకరోజు మంచు ఇంకా విడవకముందే గోడ మీదికి ఎగరబోయి, జారి, మళ్ళీ ఎగిరి ఎక్కింది. నిలదొక్కుకుని కూసింది. మొదటి కూత తుప్పుపట్టిన తలుపు తీసినట్టుంది, రెండోది మామూలుగానే ఉంది. ముసలమ్మ చేతిలో చీపురు పట్టుకుని అలాగే ఏడ్చింది. "ఇంక దాన్ని కోసే యోగం నాకు లేదు" అంటూ చెంచురామయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు, ఎందుకో మరి.

నేను ఉషారాణి ఇంట్లోకి పరుగెత్తాను. "విన్నావా చిన్నమ్మా? బతికింది! ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఇంక మాట్లాడొచ్చు నువ్వు!"

ఉషారాణి దేవుడి పటం ముందు దీపం పెడుతోంది. మొహమంతా నవ్వు. "విన్నా. చూసినావా షారనూ, నేను నోరు కట్టేసుకుంటే వాడు బతికినాడు. ఇంక ఈ జన్మలో ఆమెతో మాట్లాడను. ఈసారి మాట్లాడితే వాడు దక్కడు."

నేను గుమ్మానికి తల బాదుకోవడం ఒక్కటే తక్కువ.

ముసలమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. వెలిగిపోతున్న మొహం చూస్తుండగానే వాడిపోయింది. కోడి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర గింజలు ఏరుకుంటోంది.

"మే షారనూ, ఒట్టు పెట్టింది ఎవురు?"

"చిన్నమ్మ."

"నేను పెట్టినానా?"

"నువ్వెక్కడ పెట్టావు, లేదు."

"మరి ఇన్నేళ్ళూ నేనెందుకు మాట్లాడలా?"

ఆరేళ్ళుగా నేనూ చూస్తూనే ఉన్నాను, ఇది నాకూ తట్టలేదు.

"పొగురు మే. వట్టి పొగురు" అని లేచింది. కోడిని చంకనెత్తుకుంది. పిట్టగోడ మీదినుంచి కాలు వేసి అవతలికి దిగింది. ఆ గోడ ఆమె దాటడం ఆరేళ్ళలో అదే మొదలు. నేనూ వెనకే దాటాను.

"ఉషా."

ఉషారాణి ఉలిక్కిపడి, గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నువ్వు మాట్లాడబాక. నేను మాట్లాడతా, వినుకో. ఆ పొద్దు నువ్వు కేకెయ్యకపోతే ఈపాటికి నన్ను కాల్చేసుందురు. ఒట్టు తప్పితే వీడు చస్తాడని నమ్మే మనిషివి, అయినా కేకేసినావు. నాకంతే చాలు. గుడ్లు నీవే. పిల్లలు నీవే. ఆ పెట్ట గూడా నీదే, నేను ఒప్పుకుంటుండా."

ఉషారాణి తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు చేతుల మీదికి కారుతున్నాయి. ఇంక ఆగలేక, చేతులు తీసి కోడి వైపు తిరిగింది.

"ఒరే, మీ పెద్దమ్మకి చెప్పరా! పెట్ట ఆమెదే. గుడ్లూ ఆమెవే. గడ్డి ఒక్కటే నాది!"

ముసలమ్మ మొహం చటుక్కున మారింది. "ఏందీ, వీడికి చెప్తే ఒట్టు తప్పినట్టు గాదు గదా?"

కాదని ఉషారాణి తల ఊపింది.

"అయితే ఒట్టు తీసి గట్టున పెట్టినానని వీడికే చెప్పు. వీడు నాకు చెప్తాడు. కోడి గట్టెక్కినాడు గదా, ఒట్టు గూడా గట్టెక్కాల."

అందరం కోడిని చూశాం. అది మా ముగ్గురినీ చూసింది. ఆరేళ్ళుగా ఆ కోడి వీళ్ళ మాటలన్నీ మోసింది, ఈ ఒక్క మాట దాని నెత్తిన పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఉషారాణికి మాట చాల్లేదు, గట్టు కూడా కావాలంది. అదీ కోడితోనే చెప్పింది. సరేనని ముగ్గురం, కోడితో కలిపి నలుగురం, రొయ్యల గుంటల వైపు నడిచాం. అప్పటికే కాపలా గుడిసెకి పోయి కూర్చున్న చెంచురామయ్య మేం కోడిని పట్టుకుని రావడం చూసి ఆశగా లేచి నిలబడ్డాడు. "కోయడానికా?" అన్నాడు. మేం ఆయన్ని దాటుకుని గట్టెక్కాం.

గట్టు మీద ఉషారాణి గొంతుక్కూర్చుంది. కోడిని ముసలమ్మ చేతుల్లోనే ఉంచి, దాని మొహంలోకి చూస్తూ, "ఒట్టు తీసి గట్టున పెట్టినానని మీ పెద్దమ్మకి చెప్పరా" అంది. అని, మూసిన గుప్పిట నేలకి ఆనించి మెల్లగా విప్పింది. అందులో ఏమీ లేదు. ఏమీ లేదని నాకు తెలుసు. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఆ చోటు తొక్కకుండా పక్కనుంచి నడిచాను.

ఆ రోజంతా ఉషారాణి నోరు విప్పలేదు. కోడిని చూస్తూ కూర్చుంది. తెల్లారి అది గోడెక్కి కూసింది, గింజలు తిన్నది, నా వసారాలోకి వచ్చి కొత్త లంగా గుడ్డ మీద రెట్ట వేసి పోయింది. నిక్షేపంగా ఉంది.

దండెం ఇప్పుడు ఇనప తీగ కాదు, ప్లాస్టిక్ తాడు. ముసలమ్మ దాని మీద బట్టలు ఆరేస్తోంది. ఉషారాణి తన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోడి అలవాటుగా ఇద్దరి మధ్యా గోడ మీదికి వచ్చి మెడ నిక్కించింది. దాని వైపు ఎవరూ చూడలేదు.

"అక్కా."

ముసలమ్మ చేతులు తాడు మీదే ఆగిపోయాయి. "ఏందిమే?"

ఉషారాణి కాసేపు వెతుక్కుంది. ఆరేళ్ళ మాటలన్నీ కోడితో చెప్పేసింది మరి, ఇంకేం మిగిలాయి?

"ఏంలా. ఊరికే పిలిచినా."

ముసలమ్మ చేతిలో చీరనుంచి నీళ్ళు ఆమె పాదాల మీదికి కారుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

"ఇంకోసారి పిలువు" అంది.